తలకి పెద్ద దెబ్బ తగిలి 14 నెలలైంది. జ్ఞాపకశక్తి పరీక్షలో 'సాధారణం' అని రాశారు, ఇంట్లో మాత్రం నిన్నటి సంగతి గుర్తుండట్లేదు. దారి చెప్పండి

కడియం_అక్క | జనవరి 6, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మా తమ్ముడికి 29 ఏళ్లు. మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ఉంది. నాన్న పోయాక వాడే చూసుకుంటున్నాడు. 14 నెలల కిందట రాత్రి షాపు కట్టేసి వస్తుంటే హైవే మీద బండి స్కిడ్ అయింది. హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీదే ఉంది. ఆస్పత్రికి చేర్చేసరికి గ్లాస్గో స్కోరు (స్పృహ ఎంత ఉందో చెప్పే అంకె, 15కి) 6 అని రాశారు. తల ఎముక కొంత తీసి ఆపరేషన్ చేశారు. 19 రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఎముక మళ్లీ నాలుగు నెలలకి పెట్టారు. కళ్లు తెరిచాక కూడా నెల పైన అయోమయమే. నన్ను పిన్ని అని పిలిచేవాడు, ఆస్పత్రిని షాపు అనుకునేవాడు.

ఇప్పుడు నడుస్తాడు, తింటాడు, నవ్వుతూ మాట్లాడతాడు. చుట్టాలు చూసి పూర్తిగా కోలుకున్నాడు అంటారు. పొద్దున ఏం టిఫిన్ తిన్నావురా అని పదింటికి అడిగితే ఇడ్లీ అంటాడు. ఆ రోజు మేం పెసరట్లు వేసుకున్నాం. ఒకే రైతుకి మీ మోటారు రెడీ అయిందని ఒకే సాయంత్రం మూడుసార్లు ఫోన్ చేశాడు. చిన్నప్పటివి మాత్రం పొల్లుపోకుండా చెప్తాడు. 2003 పుష్కరాల్లో నేను తప్పిపోతే మైకులో ఏమని పిలిచారో కూడా చెప్తాడు.

పోయిన నెల ఒక ఆస్పత్రిలో ఇరవై నిమిషాలు ఏవో అడిగి, 30కి 27 వచ్చాయి, జ్ఞాపకశక్తి సాధారణం అని ఒక లైను రాసిచ్చారు. అమ్మ ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కాగితం తప్పా, మేం చూస్తున్నది తప్పా? ఇంకేదైనా పరీక్ష ఉందా, ఇప్పటికే ఆలస్యమైపోయిందా? యాక్సిడెంటు కేసు కూడా నడుస్తోంది. ఈ కాగితం చూపించి బాగానే ఉన్నాడు అనేస్తారేమో అని టెన్షన్.

పరీక్ష_గది | జనవరి 7, ఉదయం 6:55

అమ్మా, నేను క్లినికల్ సైకాలజిస్టుని. తలకు దెబ్బ తగిలినవాళ్లకి ఈ పరీక్షలు చేయడమే నా రోజువారీ పని. మీ తమ్ముడిని చూడకుండా ఆయన గురించి ఏదీ తేల్చి చెప్పలేను. ఆ కాగితం గురించి మాత్రం చెప్పగలను.

30 మార్కులు, ఇరవై నిమిషాల లోపు అన్నారు కాబట్టి అది మినీ మెంటల్ పరీక్ష అయి ఉండొచ్చు. 1975లో వచ్చింది. వార్డులో మంచం పక్కన నిలబడి త్వరగా చూడటానికి తయారుచేసినది. దాంట్లో మార్కులు ఎలా పంచారో చూడండి. తేదీ, వారం, ఊరు, అంతస్తు లాంటివాటికి 10. మూడు మాటలు విని వెంటనే తిరిగి చెబితే 3. లెక్కలకి 5. వస్తువుల పేర్లు, చదవడం, రాయడం లాంటి భాష పనులకి 8. బొమ్మకి 1. కాసేపాగి ఆ మూడు మాటలు మళ్లీ చెబితే 3. మీరు ఇంట్లో చూస్తున్న మరుపుని నేరుగా పట్టుకునేది ఆఖరి మూడు మార్కులే. ఆ మూడూ పూర్తిగా పోయినా 27 వస్తుంది.

అందుకని ముందు ఆ షీటు అడిగి తీసుకోండి. 27 అన్న అంకె వదిలేసి, ఏ మూడు పోయాయో చూడండి.

సరైన పరీక్ష రెండు మూడు గంటలు పడుతుంది, అలసిపోయేవాళ్లకి రెండు రోజులుగా విడగొట్టి చేస్తాం. 15 మాటల జాబితా చదివి వినిపిస్తాం, గుర్తున్నవి చెప్పమంటాం. అదే జాబితా ఐదుసార్లు. మధ్యలో వేరే జాబితా ఒకటి పెట్టి, మళ్లీ మొదటిది అడుగుతాం. అరగంట వేరే పనులు చేయించి ఇంకోసారి అడుగుతాం. ఆ తర్వాత ఇంకా చాలా మాటలు కలిపి వినిపించి, వీటిలో మన జాబితాలోవి ఏవో పట్టుకోమంటాం. ఒక్కో మెట్టుకీ ఒక్కో అర్థం ఉంది. మొదటిసారే తక్కువ చెబితే వినికిడో, ధ్యాసో చూడాలి. ఐదుసార్లు విన్నా పెరగకపోతే కొత్తది ఎక్కట్లేదని. బాగా ఎక్కి, అరగంటకి పోతే నిలవట్లేదని. చెప్పమంటే రాక, వినిపిస్తే మాత్రం గుర్తుపడితే లోపల ఉంది, బయటికి తీసుకోలేకపోతున్నాడని. ఈ ఆఖరి రెండింటికీ ఇంట్లో చేయాల్సిన ఏర్పాట్లు పూర్తిగా వేరు. అసలు మాటలు ఏవో ఇక్కడ రాయను. ముందే చదివి వస్తే పరీక్ష పాడైపోతుంది.

మన దేశంలో దీనికి పనిముట్లు ఉన్నాయి. చండీగఢ్ పీజీఐలో 1977లో చేసిన మెమరీ స్కేలు చాలా చోట్ల వాడతారు. బెంగళూరు నిమ్‌హాన్స్ 2004లో వేసిన న్యూరోసైకాలజీ బ్యాటరీలో, అంటే పరీక్షల కట్టలో, వయసు, చదువు, ఆడ మగ తేడాలను బట్టి మనవాళ్ల అంకెలే పోలికకి ఉన్నాయి. పదో తరగతి దాకా చదివిన మనిషిని ఎవరో అమెరికా పట్టభద్రుడితో పోల్చకూడదు కదా. పరీక్ష చేసేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకో మాట. పరీక్షకి వెళ్లేముందు మూర్ఛ మందులు ఏం వాడుతున్నాడు, రాత్రి నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉంటున్నాడా, కళ్లజోడు ఉందా, ఇవన్నీ రాసుకుని వెళ్లండి. వీటిలో ఏ ఒక్కటైనా మార్కులు తగ్గిస్తుంది, అది దెబ్బ వల్ల వచ్చిన మరుపు కాకపోవచ్చు.

మానేరు_ఒడ్డు | జనవరి 7, మధ్యాహ్నం 1:15

అక్కా, మాది కరీంనగర్. మా ఆయనకి దెబ్బ తగిలి రెండేళ్లయింది. మీకు కొత్తవి నిలుస్తలేవు, మాకు పాతవి పోయినయి. యాక్సిడెంటుకి ముందు దాదాపు మూడేళ్లు ఆయనకి యాదికి లేదు. అందులోనే మా పెళ్లి ఉంది.

మొదట్ల డాక్టరు అడిగితే పెళ్లి గురించి మంచిగనే చెప్పిండు. ఏ హాలు, ఎవరెవరు వచ్చిన్రు, నేను కట్టుకున్న చీర రంగు కూడా. అందరం సంతోషపడ్డం. నాకే ఏదో అనుమానం. ఆయన చెప్పేవన్నీ ఆల్బంలో ఉన్నవే. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి మా అత్తమ్మ ఆయనకు రోజూ ఆ ఆల్బం చూపిస్తుండె. అప్పగింతలప్పుడు పెద్ద వాన పడ్డది. కరెంటు పోయింది, ఫొటోగ్రాఫరు కెమెరా సర్దేసిండు. మా ఆయన తన కోటు తీసి నా తల మీద పట్టిండు, కారు దాకా అట్లనే నడిచినం. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఒకరోజు మెల్లగ అడిగిన, అప్పగింతలప్పుడు ఏమైందో చెప్పు అని. చాలాసేపు ఆలోచించి, "నువ్వు ఏడ్చినవ్" అన్నడు. ఏ పెండ్లిపిల్ల ఏడ్వదు?

ఈ మాట పరీక్ష చేసే మేడంకి చెప్పిన. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఇది మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు అన్నది.

పరీక్ష_గది | జనవరి 7, సాయంత్రం 7:20

మానేరు అమ్మా, మీరు చేసింది ఈ రంగంలో పెద్దలు చేసే పనే. పాత జ్ఞాపకాలను కొలవడం కొత్తవాటి కంటే కష్టం. మాటల జాబితా అందరికీ ఒకటే, ఎవరి జీవితం వారిది. అందుకే ఆటోబయోగ్రాఫికల్ మెమరీ ఇంటర్వ్యూ అని ఒకటి ఉంది, బ్రిటన్‌లో తయారైంది. చిన్నతనం, యౌవనం, ఈ మధ్యకాలం అని జీవితాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రెండు రకాలుగా అడుగుతారు. మాస్టారి పేరు, ఇంటి చిరునామా లాంటి వివరాలు ఒకటి. ఆ రోజుల్లో జరిగిన ఒక్క సంఘటన, ఎక్కడ, ఎప్పుడు, ఎవరున్నారు అనేది రెండోది. మొదటిది తెలిసిన విషయం, రెండోది అనుభవించిన రోజు. ఆల్బం మొదటిదాన్ని నింపుతుంది, రెండోదాన్ని నింపలేదు. చెప్పింది నిజమో కాదో చెప్పడానికి ఇంట్లోవాళ్లు పక్కన ఉండి తీరాలి.

దెబ్బకి ముందు పోయిన కాలం చాలామందిలో మెల్లగా కుంచించుకుపోతుంది. పాతవి ముందు, దగ్గరివి తర్వాత తిరిగి వస్తాయి. దెబ్బ తగలడానికి ముందు కొద్ది నిమిషాలు మాత్రం సాధారణంగా తిరిగి రావు, అవి లోపల స్థిరపడే లోపే దెబ్బ తగిలింది కాబట్టి. యాక్సిడెంటు ఎలా జరిగిందో చెప్పు చెప్పు అని మీ ఇళ్లలో ఎవరైనా ఒత్తిడి చేస్తుంటే దయచేసి ఆపించండి.

రెండో_పుట్టుక | జనవరి 8, ఉదయం 11:05

దెబ్బ తగిలిన మనిషిని నేను. ఆరేళ్లయింది. పరీక్ష బల్లకి అవతలి వైపు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు, అందుకని రాస్తున్నాను.

మొదటి గంట బాగానే ఉంటుంది. తర్వాత పక్క గదిలో కుర్చీ జరిపిన చప్పుడు కూడా తల లోపలే అవుతున్నట్టు ఉంటుంది. మాటల జాబితా మూడోసారి చదువుతున్నప్పుడు ఒక మాట ఉందని తెలుసు, అది వంటింటి వస్తువని తెలుసు, నోటికి రాదు. ఎదుటి మనిషి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. నేను ఇంజనీరుని. మూడేళ్ల పిల్లాడికి తెలిసేది నాకు రావట్లేదని ఆ రోజు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. బయటికొచ్చి సరిగ్గానే ఉన్నాను అని చెప్పాను. ఆ తర్వాత చేసిన పరీక్షలన్నీ పాడయ్యాయి. రిపోర్టులో మాత్రం 'సహకరించారు' అని ఉంది.

అక్కా, మీ తమ్ముడికి మధ్యలో ఆపమని అడిగే హక్కు ఉందని ముందే చెప్పండి. పొద్దున పూట టైం తీసుకోండి. ముందు రోజు ప్రయాణం చేసి అదే రోజు కూర్చోబెట్టకండి.

భాష సంగతి కూడా. నన్ను మొదట హిందీలో పరీక్షించారు, అక్కడ తెలుగు వచ్చినవాళ్లు లేరు. నాకు హిందీ వచ్చు. కానీ వచ్చిన భాష వేరు, పట్టుకుని దాచుకునే భాష వేరు. తర్వాత తెలుగులో చేస్తే చెప్పుకోదగ్గ తేడా వచ్చింది.

పరీక్ష_గది | జనవరి 8, మధ్యాహ్నం 2:10

ఈ పోస్టు మా విద్యార్థులకి చదివి వినిపిస్తాను, అభ్యంతరం లేకపోతే.

భాష గురించి ఒక్కటి కలుపుతాను. తెలుగులో పనిముట్లు లేవని చాలామంది అనుకుంటారు. హైదరాబాదు నిమ్స్‌లో ఆడెన్‌బ్రూక్స్ అనే జ్ఞాపకశక్తి, భాష పరీక్షని తెలుగులోకి తెచ్చి ఏళ్ల తరబడి వాడారు. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లలో డిమెన్షియా (పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బు) సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతుందని 2013లో అక్కడి నుంచే వచ్చిన 648 మంది అధ్యయనం ప్రపంచమంతా చదివింది. దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ కూడా తెలుగుతో కలిపి ఐదు భారతీయ భాషల్లో పరీక్షల పెట్టె తయారు చేసింది. ఇవి ముఖ్యంగా డిమెన్షియా కోసం చేసినవి, తల దెబ్బకి ఇవే సరిపోతాయని అనను. తెలుగులో చేయమని అడగడం గొంతెమ్మ కోరిక మాత్రం కాదు.

రెండో_పుట్టుక | జనవరి 8, మధ్యాహ్నం 2:31

తప్పకుండా వినిపించండి సార్.

పాత_బస్టాండ్ | జనవరి 8, రాత్రి 9:48

ఒక విషయం ఒప్పుకోవాలనిపించి రాస్తున్నాను. మా అన్నయ్య కొడుక్కి ఇలాగే తల దెబ్బ. మేమంతా నటన అనుకున్నాం. క్రికెట్ స్కోర్లు, సినిమా పాటలు అన్నీ గుర్తుంటాయి, కరెంటు బిల్లు కట్టమంటే మాత్రం గుర్తుండదు. కట్టావా అంటే కట్టాను, క్యూలో ఫలానా ఆయన కలిశాడు అని కథ చెప్పేవాడు. బిల్లు చూస్తే కట్టి ఉండేది కాదు. అబద్ధాలకోరు అని నేను నలుగురిలో తిట్టాను. ఆ పిల్లాడు తలవంచుకుని నిలబడ్డాడు. అది అబద్ధం కాదని తర్వాతెప్పుడో ఒక డాక్టరమ్మ చెప్పింది. నటిస్తున్నారో లేదో తెలుసుకునే పరీక్ష ఉంటుందా? ఉంటే ముందే చేయించి ఉంటే వాడికి ఆ అవమానం తప్పేది.

పరీక్ష_గది | జనవరి 9, ఉదయం 6:40

ఉంది అండీ. వాటిలో పేరున్న ఒకటి 50 బొమ్మలతో చేస్తారు. చూడటానికి కష్టంగా కనిపిస్తుంది, నిజానికి చాలా తేలిక. తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్లు కూడా సాధారణంగా బాగానే చేస్తారు. అందుకే దానిలో మరీ తక్కువ వస్తే కావాలని తప్పు చెబుతున్నారేమో అని చూస్తాం. ఇంతకంటే వివరంగా రాయను. ఇన్సూరెన్సు కేసు ఉన్న ప్రతి మనిషికీ నేను చేస్తాను, ఎందుకంటే నిజాయితీగా ఉన్నవాళ్లని కాపాడేది అదే.

మీ అన్నయ్యగారి అబ్బాయి చెప్పిన క్యూ కథని కన్ఫాబ్యులేషన్ అంటాం. మెదడు ముందు భాగం దెబ్బతింటే జ్ఞాపకంలోని ఖాళీని వేరే రోజు ముక్క వచ్చి పూడ్చేస్తుంది. అతను నిజంగానే ఎప్పుడో ఆ క్యూలో నిలబడి ఉంటాడు. ఏ రోజుది ఏదో సరిచూసే కాపలా మనిషి లోపల లేడు. కడియం అమ్మా, పెసరట్టు తిని ఇడ్లీ అనడం కూడా ఇలాంటిదే కావచ్చు. మా గదిలో బొమ్మలు, మాటల పరీక్షలో ఇది బయటపడకపోవచ్చు. మీరు చెబితేనే తెలుస్తుంది.

బిల్లు కట్టడం గుర్తుపెట్టుకోవడం జరిగిపోయిన దాన్ని గుర్తు తెచ్చుకోవడం కాదు, రాబోయే పనిని వేళకి గుర్తు తెచ్చుకోవడం. పాటలు గుర్తున్నాయి కదా అని దీన్ని తీసిపారేయకూడదు.

మెల్బోర్న్_తెలుగమ్మాయి | జనవరి 9, సాయంత్రం 4:30

అందరికీ నమస్తే. పుట్టింది తెనాలి, ఇక్కడ బ్రెయిన్ ఇంజురీ రిహాబ్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయం చేసే పని) చేస్తున్నాను. రెండు సంగతులు.

అక్కా, కళ్లు తెరిచాక నెల పైన అయోమయం అన్నారు చూడండి, కేసు షీటులో అందరూ దాటేసేది, నేను ముందు వెతికేది అదే. ఆ దశలో మనిషి మాట్లాడతాడు, తింటాడు, కానీ రోజుకీ రోజుకీ ముడి పడదు. ఆస్ట్రేలియాలో వెస్ట్‌మీడ్ స్కేలు అని 12 మార్కులది రోజూ చేస్తాం. ఊరు, తేదీ లాంటి ప్రశ్నలు ఏడు, నిన్న చూపించిన మొహం, పేరు, మూడు బొమ్మలు గుర్తున్నాయా అని ఐదు. వరుసగా మూడు రోజులు 12కి 12 వస్తేనే ఆ దశ దాటాడని రాస్తాం. ఆ దశ ఒక రోజు దాటితేనే దెబ్బ తీవ్రమైనదని లెక్క, నాలుగు వారాలు దాటితే అతి తీవ్రం. ఆ దశ ముగియకుండా పెద్ద జ్ఞాపకశక్తి పరీక్ష చేయడం ఉపయోగం లేని పని.

అప్పుడు ఎవరూ రోజూ రాయకపోతే ఇప్పుడైనా వెనక్కి అడగొచ్చు. ఆస్పత్రిలో నీకు మొదట గుర్తున్నది ఏంటి, ఆ తర్వాత ఏంటి, ఎక్కడి నుంచి రోజులు వరుసగా ఉన్నాయి అని. నర్సుల నోట్సు కూడా అడగండి. 'రోగి అయోమయంగా ఉన్నాడు, ఇంటికెళ్తానంటున్నాడు' లాంటి లైన్లకి తేదీలు ఉంటాయి.

రెండోది, రివర్‌మీడ్ అనే పరీక్ష. 1985లో ఇంగ్లండులో వచ్చింది. మాటల జాబితా బదులు బతుకులో చేసే పనులే అడుగుతుంది. మొదట్లోనే మీ వస్తువు ఒకటి తీసుకుని దాచేస్తారు, వెళ్లేటప్పుడు మీరే అడిగి తీసుకోవాలి. అలారం మోగినప్పుడు ఒక ప్రశ్న అడగాలి. గదిలో ఒక దారి చూపిస్తారు, మధ్యలో ఒక కవరు ఒకచోట పెట్టి రావాలి. నేను చూసిన ఒక పెద్దాయన మాటల జాబితాలో బాగానే చేశారు, ఇందులో తన తాళాలు మర్చిపోయి లిఫ్టు దాకా వెళ్లిపోయారు. ఆయన భార్య ఆ రోజు అంది, "ఇదిగో, మా ఇంట్లో రోజూ జరిగేది ఇదే."

వేప_నూనె | జనవరి 9, రాత్రి 8:02

సరస్వతి ఆకు, బాదం పాలు ఆరు నెలలు వాడండి. మా మేనత్తకి బాగా పనిచేసింది. పరీక్షలతో పిల్లాడిని ఎందుకు కష్టపెట్టడం.

రెండో_పుట్టుక | జనవరి 9, రాత్రి 8:50

మీరు మంచి మనసుతో చెప్పారని తెలుసు అండీ. మూర్ఛ మందులు వాడుతున్నవాళ్లు ఏ ఆకు అయినా, పొడి అయినా డాక్టరుని అడగకుండా మొదలుపెట్టకూడదు. పరీక్ష లేకపోతే నా కంపెనీ నన్ను బద్ధకస్తుడినని తీసేసేది. రిపోర్టు చూపించాకే సీటు మార్చి, మీటింగుల్లో చెప్పినవన్నీ రాసివ్వడం మొదలుపెట్టారు.

కోర్టు_ఆవరణ | జనవరి 10, ఉదయం 9:25

చెల్లెమ్మా, యాక్సిడెంటు కేసులు చూసే వకీలుని. 27 మార్కుల కాగితం చూసి భయపడకండి. దాన్ని దాచొద్దు కూడా. పూర్తి రిపోర్టు పక్కన పెడితే అది ఎంత చిన్న పరీక్షో జడ్జిగారికే అర్థమవుతుంది.

2010 అక్టోబరులో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో ఒక స్పష్టత ఇచ్చింది. శరీరానికి వచ్చిన వైకల్య శాతం వేరు, సంపాదన పోయిన శాతం వేరు. ఎడమ చెయ్యి పోతే వైకల్యం 60 శాతం అనుకుందాం, డ్రైవరుకి, వడ్రంగికి సంపాదన నూటికి నూరూ పోయినట్టే, గుమాస్తాకి అలా కాదు. మీ తమ్ముడి విషయంలో రిపోర్టు ఊరికే శాతం చెప్పి ఆగకూడదు. షాపు నడపడానికి ఏ ఏ జ్ఞాపకం కావాలి, అందులో ఏది పోయింది అని రాయించండి. ఎవరి మోటారు, ఎంత అడ్వాన్సు, ఏ రోజు ఇస్తానన్నాడు. దెబ్బకి ముందు వాడి చేత్తో రాసిన బిల్లు పుస్తకాలు ఉంటే జాగ్రత్త చేయండి. రాసిన డాక్టరు లేదా సైకాలజిస్టు ట్రిబ్యునల్‌కి వచ్చి సాక్ష్యం చెప్పగలరా అనేది కూడా ముందే అడగండి.

ఇది చదివే మిగతావాళ్లకి. 2019 సవరణ ప్రకారం యాక్సిడెంటు జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిము వేయాలని చట్టంలో ఉంది. మనిషి ఇంకా ఆస్పత్రిలో ఉన్నా సరే, వకీలుని కలవండి. పరీక్షలు తర్వాత జతచేయొచ్చు.

కడియం_అక్క | జనవరి 24, రాత్రి 11:15

అందరికీ ఏమని చెప్పాలో తెలియట్లేదు. రెండు వారాలుగా మీ మాటలు పట్టుకునే నడుస్తున్నాను.

ముందుగా, ఆ షీటు తెచ్చుకున్నాను. పోయిన మూడు మార్కులు, సరిగ్గా ఆ మూడు మాటలే. మూడుకి సున్నా. మిగతావన్నీ పూర్తి మార్కులు. సార్ రాసిన పోస్టు మళ్లీ తీసి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ లేచి వెళ్లి దేవుడి గూట్లోంచి ఆ కాగితం తీసి ఫైల్లో పెట్టింది. ఏమీ అనలేదు.

తర్వాత ఒక నోటుబుక్ మొదలుపెట్టాను. ఎంత మర్చిపోయాడు అని కాకుండా ఏది మర్చిపోయాడు, ఏది మర్చిపోలేదు అని రెండు వైపులా రాస్తున్నాను. మొన్న శనివారం రోజంతా షాపులోనే కూర్చున్నాను. ఒక రైతు కాలిపోయిన ఒక హెచ్‌పీ మోటారు తెచ్చాడు. వీడు పాత తీగ పీకేశాడు, గాళ్లు తుడిచాడు, కాగితం కత్తిరించి ఒక్కో గాడిలో పెట్టాడు. రాగి తీగ చుడుతూ పెదాలతో లెక్క పెట్టుకుంటున్నాడు. మధ్యలో నేను మాట్లాడించినా లెక్క తప్పలేదు, వేలు ఎత్తి ఆగమన్నాడు, పూర్తయ్యాకే నా వైపు చూశాడు. నాన్న చేసినట్టే తీగ చివర పళ్లతో పట్టుకుని ముడేశాడు. వార్నిష్ పోసి ఆరబెట్టాడు. చూస్తుంటే వీడికి ఏమైంది, ఏమీ కాలేదు కదా అనిపించింది.

చేతులు కడుక్కుని వచ్చి, "అక్కా, ఇది ఎవరి మోటారు?" అన్నాడు. చెప్పాను. టీ తాగాక మళ్లీ అడిగాడు. సాయంత్రంలోపు నాలుగుసార్లు. నాలుగోసారి అడిగినప్పుడు నా మొహం చూసి, "ఇందాక కూడా అడిగానా?" అన్నాడు. ఆ మాట నాకు నోటుబుక్‌లో రాయబుద్ధి కాలేదు. రాశాను.

పరీక్ష_గది | జనవరి 25, ఉదయం 7:05

ఆ ఆఖరి మాట రాసి మంచి పని చేశారు. తను మర్చిపోతున్నానని తనకే తెలియడం చాలా విలువైన సమాచారం. తెలియనివాళ్లు ఏ డైరీ ఇచ్చినా తెరవరు.

కెనడాలో ఒకాయన ఉండేవారు, వైద్య పుస్తకాల్లో కె.సి. అని రాస్తారు. 1981లో టొరంటో దగ్గర మోటారుసైకిల్ ప్రమాదం, అప్పటికి 30 ఏళ్లు. ఎండెల్ టల్వింగ్ అనే శాస్త్రవేత్త ఆయన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. టైరు ఎలా మార్చాలో చెప్పగలరు, చదరంగం ఆడగలరు. ఆడినట్టు గుర్తున్న ఒక్క రోజు చెప్పమంటే రాదు. రేపు ఏం చేస్తావు అంటే కూడా మనసులో ఏమీ మెదలదు. పని నైపుణ్యం, లోకజ్ఞానం, జరిగిన రోజు, ఈ మూడూ మెదడులో వేర్వేరు దారులని ఆయన వల్లే మాకు అంత స్పష్టంగా తెలిసింది. 2014లో పోయారు. మీ తమ్ముడి నష్టం అంత లోతైనదని అనట్లేదు. చేతులు పనిచేస్తున్నాయి కదా అని ఎవరైనా వాదిస్తే ఈ సంగతి చెప్పండి.

మళ్లీ మళ్లీ అడిగి ఊహించమనకండి. 'గుర్తు తెచ్చుకో, ఎవరి మోటారో చెప్పు చూద్దాం' అంటే తప్పు పేరు చెప్తాడు, ఆ తప్పు పేరే లోపల నాటుకుంటుంది. ముందే సరైన జవాబు కళ్ల ముందు పెట్టాలి.

కడియం_అక్క | ఫిబ్రవరి 19, రాత్రి 9:30

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లి, ఒక రోజు మా పిన్ని ఇంట్లో పడుకుని, తర్వాతి రోజు పొద్దున కూర్చోబెట్టాం. రెండు పూటలు, తెలుగులోనే చేశారు. మధ్యలో రెండుసార్లు ఆపమని వాడే అడిగాడు. నోటుబుక్ మొత్తం ఆవిడ చదివారు, జిరాక్సు తీసి ఫైల్లో పెట్టుకున్నారు.

15 మాటలు మొదటిసారి 5 చెప్పాడు, ఐదోసారికి 10. అరగంటకి 2. ఆ రెండు చెప్పి ఆగిపోయినప్పుడు తలుపు సందులోంచి చూస్తున్నాను, నా కాళ్లు వణికాయి. కానీ కలిపి వినిపించినప్పుడు 13 గుర్తుపట్టాడు, లేనివి ఒక్కటే ఉన్నాయన్నాడు. లోపల చాలావరకు ఉంది, పిలిస్తే రావట్లేదు, చిన్న ఆనవాలు చూపిస్తే వస్తుంది అన్నారు ఆవిడ. నటన పరీక్షలో ఏ అనుమానమూ లేదని విడిగా రాశారు. నిద్ర సరిగా లేదని, ఒక మందు మోతాదు గురించి న్యూరాలజిస్టుని అడగమని చెప్పారు. మొదటి ఆరు నెలల్లో వచ్చినంత వేగంగా ఇక రాదు, అయినా ఆగిపోయినట్టు కాదు అన్నారు. ఏడాది తర్వాత వేరే జాబితాతో మళ్లీ చేస్తారట, ఇవే మాటలైతే అలవాటు వల్ల మార్కులు పెరిగినట్టు కనిపిస్తాయని.

షాపులో ఏర్పాటు మార్చాం. మోటారు దిగిన నిమిషంలోనే రైతు ఫొటో తీసి, పేరు, ఊరు, అడ్వాన్సు రాసిన అట్టముక్క మోటారు హుక్కుకి తీగతో కట్టేస్తున్నాడు. ఫోన్ చేశాక అట్ట మీద టిక్కు. ఎవరూ వాడిని అడగకూడదు, వాడు అట్ట చూసుకోవాలి, అంతే నియమం.

మానేరు_ఒడ్డు | ఫిబ్రవరి 20, ఉదయం 7:50

అక్కా, రాత్రే చదివిన. మా ఆయనకు కూడా చదివి వినిపించిన. ఆ అట్టముక్క ఫొటో ఒకటి పెడతారా, ఎట్ల కట్టిన్రో చూస్తాను అంటున్నడు.

కడియం_అక్క | ఫిబ్రవరి 20, సాయంత్రం 6:20

తమ్ముడినే తీయమన్నాను. ఇప్పుడే తీసి పంపాడు. అట్ట మీద మూడో లైను చూడండి, అది నేను రాయమనలేదు, వాడే చేర్చుకున్నాడు. "అక్కకి చెప్పేశాను."